వడ్డేపల్లి చెరువులో రాక్షసి: గ్రాఫిక్స్ లేకుండా, తక్కువ డబ్బుతో ఎలా తీయాలి?

ప్రశ్న: హనుమకొండలో డిగ్రీ చదువుతున్న నలుగురు మిత్రులం. 1950లలో అమెరికాలో, జపాన్‌లో వచ్చిన సైన్స్ ఫిక్షన్ రాక్షస సినిమాలంటే, ముఖ్యంగా చవగ్గా తీసినవంటే మాకు పిచ్చి. అదే పద్ధతిలో ఇరవై నిమిషాల సినిమా తీద్దామనుకుంటున్నాం. కథ ఏమిటంటే, వడ్డేపల్లి చెరువులో ఉల్క పడుతుంది, అందులోంచి ఒక జీవి పుట్టి కట్ట మీదికి వస్తుంది. చేతిలో యాభై వేలున్నాయి. కెమెరా అంటే ఫోనే. రాక్షసి వేషానికి సూట్ దేనితో చేయాలి? జనం నవ్వేలా తీయాలా, భయపడేలా తీయాలా? బ్లాక్ అండ్ వైట్ పెట్టాలా?

సమాధానం:

తమ్ముళ్లూ, సూట్ సంగతి తర్వాత. ముందు మీ రెండో ప్రశ్న తేల్చుకోవాలి, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. భయపడేలా తీయండి. నేను హైదరాబాద్‌లో సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. ఇప్పుడు హనుమకొండలోనే ఉండి నాటకాలకూ షార్ట్ ఫిల్ములకూ సెట్లు, మాస్కులు చేస్తున్నాను. "కావాలనే చెత్తగా తీస్తున్నాం అన్నా, జనం నవ్వుకోవాలి" అంటూ వచ్చే పిల్లలు చాలామంది. అలాంటి సినిమా చూస్తే మొదటి రెండు నిమిషాలు నవ్వొస్తుంది, మూడో నిమిషానికి చేయి ఫోన్ మీదికి పోతుంది. మీకు ఇష్టమైన ఆ పాత సినిమాలను అలా ఎవరూ తీయలేదు. తీసినవాళ్లు పూర్తిగా నమ్మి తీశారు. అందుకే డెబ్బై ఏళ్ల తర్వాత కూడా వాటిని చూడబుద్ధవుతుంది.

1953లో ఫిల్ టకర్ తీసిన 'రోబోట్ మాన్‌స్టర్'నే తీసుకోండి. రోబో సూట్ చేయించే స్తోమత లేదు. సొంతంగా గొరిల్లా సూట్ ఉన్న జార్జ్ బారోస్ అనే నటుడిని పిలిచి, నెత్తిన డైవింగ్ హెల్మెట్ లాంటిది పెట్టి, వేరే గ్రహం నుంచి వచ్చిన రోబో ఇదే అన్నారు. గుహ ముందు బుడగలు ఊదే మెషీన్ పెట్టి అది వాళ్ల యంత్రం అన్నారు. షూటింగ్ నాలుగు రోజుల్లో అయిపోయింది. అయినా చంపమన్న ఆజ్ఞకూ, భూమి మీది అమ్మాయి పట్ల కలిగిన ఇష్టానికీ మధ్య ఆ గొరిల్లా నలిగిపోయే తీరులో ఎక్కడా వెటకారం లేదు. దానికి సంగీతం ఎల్మర్ బెర్న్‌స్టీన్. ఏడేళ్ల తర్వాత 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్'కు సంగీతం ఇచ్చింది ఆయనే. హెల్మెట్ పెట్టుకున్న గొరిల్లాకు కూడా నిజమైన రాక్షసుడికి చేసినంత శ్రద్ధగా చేశాడు.

మరి వీటిలో నవ్వు ఎక్కడ పుడుతోంది? దీనికి 1957లో వచ్చిన 'ది జయంట్ క్లా' మంచి ఉదాహరణ. అందులో యుద్ధనౌకంత పెద్ద పక్షి వస్తుంది. హీరో జెఫ్ మారో చాలా బాగా చేశాడు, విమానాల సీన్లలో టెన్షన్ కూడా ఉంది. కానీ పక్షి తెర మీదికి రాగానే అంతా కూలిపోతుంది. పొడుగాటి మెడ, గుండ్రటి కనుగుడ్లు, నెత్తిన కుచ్చు, ఎగిరెగిరిపడే ముక్కుపుటాలు. అది తీగలకు కట్టి ఆడించిన బొమ్మ. నిర్మాత శామ్ కాట్జ్‌మన్ డబ్బు మిగుల్చుకోవడానికి దాన్ని మెక్సికోలో చవగ్గా చేయించాడు. షూటింగ్‌లో నటులెవరూ ఆ బొమ్మను చూడలేదు. వాళ్లు ఆకాశంలోకి చూసి మనసులో ఏదో భయంకరమైనదాన్ని ఊహించుకున్నారు, ఎడిటింగ్ టేబుల్ మీద ఇంకేదో వచ్చి చేరింది. సొంత ఊళ్లో సినిమా చూడటానికి వెళ్లిన జెఫ్ మారో, హాలు మొత్తం నవ్వుతుంటే మధ్యలోనే బయటికి వచ్చేశాడట.

అదే 1957లో మద్రాసులో 'మాయాబజార్' తీశారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే వెళ్లే షాట్‌ను మనం ఇప్పటికీ నమ్ముతాం. లడ్డూ ఎక్కడినుంచి వస్తుందో, ఎంత వేగంతో వస్తుందో ఎస్వీ రంగారావుకు తెలుసు, కె.వి. రెడ్డికి తెలుసు, కెమెరా దగ్గరున్న మార్కస్ బార్ట్‌లీకి తెలుసు. ముగ్గురి లెక్కా ఒకటే. మీరు పాటించాల్సిన మొదటి నియమం ఇదే: రాక్షసి తల తయారయ్యేదాకా నటులతో ఒక్క షాట్ కూడా తీయొద్దు. తల తయారయ్యాక రాత్రిపూట, టార్చ్ వెలుగులో, ఒక్కొక్కరినీ విడిగా పిలిచి దాన్ని చూపించండి. ఆ క్షణంలో వాళ్ల మొహం ఎలా మారిందో గుర్తుంచుకోండి. షూటింగ్‌లో అడగాల్సింది దాన్నే.

నేను నమ్మేది ఏమిటంటే, రాక్షస సినిమాలో ఖర్చు లేకుండా దొరికే పెద్ద ఎఫెక్ట్ రాక్షసిని చూసిన మనిషి. 1954 నాటి 'దెమ్!' సినిమాలో రాక్షస చీమలు దాదాపు అరగంట వరకు కనిపించవు. న్యూ మెక్సికో ఎడారిలో ఒక చిన్నపిల్ల బొమ్మను పట్టుకుని నడుస్తూ దొరుకుతుంది. షాక్‌తో మాట పడిపోయి ఉంటుంది. శాస్త్రవేత్త ఒక గ్లాసులో ఫార్మిక్ యాసిడ్ పోసి ఆ పిల్ల ముక్కు దగ్గర పెడతాడు. చీమల నుంచి వచ్చే వాసన అది. అంతసేపూ రాయిలా ఉన్న పిల్ల ఒక్కసారిగా కేకలు పెడుతూ గోడకు అంటుకుపోతుంది. ఆ సీన్‌కు కావలసిందల్లా ఒక గ్లాసు, ఒక పిల్ల, ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు. మీ ఇరవై నిమిషాల్లో మొదటి తొమ్మిది పది నిమిషాలు ఇలాగే గడవాలి. పొద్దున్నే చేపలు పట్టే పెద్దాయన వల లాగితే వల బరువుగా ఉంది, పైకొచ్చాక చూస్తే ఖాళీ, మధ్యలో మనిషి పట్టేంత చిరుగు. కట్ట మీద వాకింగ్‌కు వచ్చిన ఆమె చెప్పు ఒకటే దొరికింది. కుక్కలు చెరువు వైపు పోవడం మానేశాయి. ఇవన్నీ తీయడానికి మీకు ఎంత ఖర్చవుతుంది?

ఇక కథ. ఉల్క వద్దు. ఉల్కతో మొదలయ్యే సినిమాలు లెక్కలేనన్ని వచ్చాయి, పైగా ఉల్క ఎక్కడైనా పడొచ్చు, అది మన చెరువు కథ కాదు. 1954లో జపాన్‌లో 'గోజిరా' (మనం గాడ్జిల్లా అనేది) వచ్చినప్పుడు జనం వణికిపోవడానికి కారణం ఉంది. ఆ ఏడాది మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో పేల్చిన హైడ్రోజన్ బాంబు బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. నవంబర్‌లో సినిమా వచ్చేనాటికి ఆ గాయం పచ్చిగానే ఉంది. సినిమా మొదట్లో మునిగేది కూడా ఒక ఓడే. జనం మనసులో అప్పటికే ఉన్న భయాన్ని దర్శకుడు ఇషిరో హోండా తెర మీదికి తెచ్చాడు.

మనకూ అలాంటిది ఉంది. కాకతీయుల కాలం నుంచి మన చెరువుల్లో పూడిక పేరుకుంటూ వచ్చింది. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక ఊరూరా జేసీబీలు దిగి ఆ పూడిక తీశాయి, రైతులు ట్రాక్టర్లలో ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకుపోయారు. భూమికి బలమని ఎంతో మురిసిపోయి తోలుకున్నారు. ఇప్పుడు మీ కథలో, ఎనిమిది వందల ఏళ్లుగా ఆ మట్టి కింద నిద్రపోతున్నది ఒకటి లేచింది అనుకోండి. దాని గుడ్లు ఆ మట్టితోపాటు పత్తి చేలకూ మిర్చి తోటలకూ వెళ్లిపోయాయి అనుకోండి. ఎన్ని ట్రాక్టర్లు పోయాయో, ఏ ఊరికి పోయాయో రాసి పెట్టినవాడు లేడు. ఈ కథ చెబుతుంటే వర్ధన్నపేటలోనో పరకాలలోనో కూర్చున్న రైతు తన చేను వైపు ఒకసారి చూస్తాడు. చెరువును, పూడికతీతను చెడ్డగా చూపించకండి, అది మంచి పని. మంచి పనిలోంచే ముప్పు రావడం కథకు ఇంకా బలం.

ఇప్పుడు సూట్. ముందు ఎత్తు. 1956లో రోజర్ కోర్మన్ 'ఇట్ కాంకర్డ్ ది వరల్డ్' తీసేటప్పుడు, బరువైన గ్రహం నుంచి వచ్చిన జీవి పొట్టిగా, నేలకు అంటుకుని ఉండాలని లెక్కేశారు. రాక్షసులను తయారుచేసే పాల్ బ్లేస్‌డెల్ అలాగే చేశాడు. హీరోయిన్ బెవర్లీ గార్లండ్ దాని పక్కన నిలబడి, లోకాన్ని జయించేది ఇదా అని ఎగతాళి చేసింది. కోర్మన్‌కు విషయం అర్థమై దాని ఎత్తు పెంచించాడు. మీ జీవి ఎదురుగా నిలబడ్డ మనిషి తలెత్తి చూసేలా ఉండాలి. ఏడు, ఏడున్నర అడుగులు చాలు. అందుకోసం వేసుకునేవాడి తలకే రాక్షసి తల తొడగకండి. వెదురు బద్దలతో బ్యాగులా వీపుకు తగిలించుకునే చట్రం కట్టి, రాక్షసి తలను దాని మీద, మనిషి తలకు పైన నిలబెట్టండి. వేసుకున్నవాడు జీవి మెడ దగ్గర నల్ల నెట్ గుడ్డలోంచి బయటికి చూస్తాడు. దీనితో ఇంకో లాభం కూడా ఉంది. జీవి కళ్లు మనిషి కళ్లు ఉండే చోట ఉండవు కాబట్టి, లోపల ఎవడో ఉన్నాడన్న సంగతి చూసేవాళ్లకు తట్టదు.

తలకు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ వాడకండి, మెడ విరుగుతుంది. మనకు దగ్గర్లోనే చేర్యాల ఉంది. అక్కడి కళాకారులు కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల గుజ్జు కలిపిన ముద్దతో మొహాలు తీర్చుతారు. ఆరితే చెక్కలా గట్టిపడుతుంది, బరువు ఉండదు. మీ తల పెద్దది కాబట్టి వెదురు బుట్టను ఆధారంగా తీసుకోండి. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే జిగురు వస్తుంది. ఆ జిగురుతో న్యూస్ పేపర్ ముక్కలు నాలుగు పొరలు అంటించండి. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది, తొందరపడితే లోపల బూజు పడుతుంది. ఆ పైన రంపపు పొట్టు ముద్దతో కనుబొమ్మల గట్లు, దవడ, మొటిమలు తీర్చండి. కనుబొమ్మల గట్టు బాగా ముందుకు రావాలి, కళ్ల మీద నీడ పడాలి. 'జయంట్ క్లా' పక్షి నవ్వుల పాలు కావడానికి ఆ బట్టబయలైన కనుగుడ్లే సగం కారణం. వీలైతే చేర్యాల వెళ్లి ఒక పూట కూర్చుని చూసి రండి. చూసి నేర్చుకుంటే పనివాళ్లకు డబ్బు ఇవ్వండి, ఊరికే నేర్చుకోకండి.

ఒంటికి సోఫా షాపులో దొరికే అరంగుళం ఫోమ్, సొల్యూషన్‌తో (రబ్బరు జిగురుతో) అంటించండి. పైన చింపిన గోనె సంచులు, పాత చేపల వలలు. మెరుపు కోసం గ్లిజరిన్‌లో నీళ్లు కలిపి స్ప్రే చేయండి, ఉత్త నీళ్లలా వెంటనే ఆరిపోదు. ముందువైపు పొడవునా జిప్ ఉండాలి, ఎందుకో కింద చెబుతాను.

సూట్ ఎంత బాగున్నా, నడక తేలిపోతే అది మనిషే. గోజిరా మొదటి సూట్ దాదాపు వంద కిలోలు ఉండేది. దాన్ని వేసుకున్న హరువో నకజిమా ముందుగా జూకు వెళ్లి ఏనుగులు, ఎలుగుబంట్లు ఎలా అడుగు వేస్తాయో గమనించాడు. మీరు సాయంత్రం చెరువు దగ్గర నిలబడి బర్రె నీళ్లలోంచి లేవడం చూడండి. ముందు తల కదలదు. భుజం ఒకటి పైకి లేస్తుంది, బరువంతా అటు పోతుంది, ఆ తర్వాతే రెండో కాలు బురదలోంచి చప్పుడుతో ఊడొస్తుంది. ఒంటి మీది నీళ్లు మొదట ధారగా, తర్వాత చుక్కలుగా కారుతాయి. అది ఎవరి వైపు చూడాలన్నా ముందు మెడ తిప్పుతుంది, ఒళ్లు ఒక క్షణం ఆగి తిరుగుతుంది. మీలో సూట్ వేసుకునేవాడు ఈ నడకను సూట్ లేకుండా వారం పది రోజులు సాధన చేయాలి. చేతులు ముందుకు చాపి వేళ్లు ఆడించడం మాత్రం వద్దే వద్దు.

మినియేచర్ షాట్ (చిన్న బొమ్మ కట్టి తీసేది) ఒకటో రెండో పెట్టుకోవచ్చు, తూము దగ్గరి గది కూలడం లాంటిది. ఇక్కడ ఒక లెక్క తప్పనిసరిగా తెలియాలి. వంద అడుగుల ఎత్తు నుంచి పడ్డ రాయి నేలకు చేరడానికి దాదాపు రెండున్నర సెకన్లు పడుతుంది. నాలుగు అడుగుల ఎత్తు నుంచి అయితే అర సెకను. ఎత్తు 25 రెట్లు తగ్గితే సమయం 5 రెట్లే తగ్గింది, అంటే వర్గమూలం. కాబట్టి 25వ వంతు సైజులో బొమ్మ కడితే, సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేముల్లో తీసి మామూలు వేగంతో చూపించాలి. అప్పుడే గోడ బరువుగా కూలుతుంది. తొమ్మిదో వంతుకు 72. మీ ఫోన్లలో 60, 120, 240 ఉంటాయి, దానికి తగ్గట్టు బొమ్మ సైజు ఎంచుకోండి. 120లో తీసేటప్పుడు ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు వద్దు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వెలుగు మినుకుమినుకుమంటుంది. ఎండలో తీయండి. నీళ్లున్న షాట్‌కు మాత్రం బొమ్మ ఎంత పెద్దదైతే అంత మంచిది, నాలుగో వంతు కన్నా చిన్నది వద్దు. నీటి చుక్కను చిన్నది చేయలేం కదా.

వెనక్కి తిప్పి చూపించడం కూడా గొప్ప ట్రిక్కు. 1958 నాటి 'ది బ్లాబ్'లో రాక్షసి అంటే సిలికోన్ ముద్ద. అది ఒక హోటల్‌ను కమ్ముకునే షాట్ కోసం హోటల్ ఫోటోను బల్ల మీద పెట్టి, కెమెరాను బల్లకే బిగించి, బల్లను కుదిపారు. ముద్ద ఫోటో మీదినుంచి దొర్లిపోయింది. ఫిల్మును తిరగేసి ప్రింట్ చేస్తే, ముద్ద వచ్చి హోటల్‌ను మింగుతున్నట్టు కనిపించింది. మీ ఫోన్‌లో రివర్స్ ఒక బటన్. బురద మీది పాదముద్రలోకి నీళ్లు రావడం, తూము కన్నంలోంచి ఏదో జారి బయటికి రావడం, ఇవన్నీ తిరగేసి తీయొచ్చు.

ఇప్పుడు జిప్ సంగతి. సూట్‌తో చెరువులోకి దిగకండి. ఫోమ్, గోనె నీళ్లు తాగితే మనిషి లేవలేనంత బరువవుతాయి, కింద పూడిక కాలును వదలదు. నీళ్లలో ఉన్న షాట్‌కు తలను మాత్రం ట్యూబు మీద నిలబెట్టి తాడుతో లాగండి. కట్ట ఎక్కే షాట్‌కు ఒడ్డున, మోకాలి లోపు నీళ్లలో కూర్చుని లేస్తే చాలు. సూట్ లోపల ఒక్కసారికి పది నిమిషాలకు మించి ఉండనివ్వొద్దు. పక్కన ఇద్దరు నిలబడాలి, ఒకరి పని జిప్ తీయడమే. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున తీయండి. మంచు కమ్ముకుని ఉంటుంది, చెరువు నిండుగా ఉంటుంది, సూట్‌లో ఉన్నవాడికి ఊపిరాడుతుంది.

కట్ట మీద షూటింగ్‌కు కార్పొరేషన్‌లోనూ పోలీస్ స్టేషన్‌లోనూ రాసి ఇచ్చి అనుమతి తీసుకోండి. వాకింగ్‌కు వచ్చేవాళ్లకు ముందురోజే చెప్పండి, చీకట్లో గుండె జబ్బు ఉన్న పెద్దమనిషి ఎదురుపడితే ఏం జరుగుతుందో ఆలోచించండి. వరంగల్ కోట, వేయిస్తంభాల గుడి పురావస్తు శాఖ కిందివి, అనుమతి లేకుండా అటు పోవద్దు. జీవి గూడుకు రాతి ప్రదేశం కావాలంటే క్వారీ బాగుంటుంది. 'రోబోట్ మాన్‌స్టర్' తీసిన బ్రాన్సన్ కాన్యన్ కూడా ఒకప్పటి క్వారీయే. మనవైపు కరీంనగర్ దాకా గ్రానైట్ క్వారీలకు కొదవ లేదు. యజమానిని అడిగి, పని లేని రోజు వెళ్లండి. నీళ్లు నిండిన గుంతల అంచుకు మాత్రం పోకండి.

శబ్దం మీద మీరు ఒక్క మాటా అడగలేదు, సగం భయం అక్కడే ఉంది. గోజిరా అరుపును సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే డబుల్ బాస్ అనే పెద్ద వాయిద్యంతో పుట్టించాడు. తీగలు వదులు చేసి, జిగురు పూసిన తోలు గ్లవ్‌తో వాటిని బలంగా రాపాడించి రికార్డ్ చేసి, వేగం తగ్గించారు. మనకు ఒగ్గు డోలు ఉంది. దాని చర్మం మీద తడి బొటనవేలిని గట్టిగా అదిమి లాగితే ఒక మూలుగు వస్తుంది. ఫోన్‌ను డోలుకు జానెడు దూరంలో పెట్టి రికార్డ్ చేసి, వేగం సగానికి, తర్వాత పావుకి తగ్గించి రెండూ కలిపి వినండి. ఒగ్గు కళాకారుడినే పిలిచి చేయించండి, మనకు రాని గొంతులు ఆ డోలులోంచి ఆయన రప్పిస్తాడు. జీవి కనిపించక ముందు మొదటి సగంలో ఈ మూలుగు మూడుసార్లు వినిపించాలి, ప్రతిసారీ కాస్త దగ్గరగా.

బ్లాక్ అండ్ వైట్ పెట్టండి. అతుకులు, సొల్యూషన్ మరకలు కనిపించవు, గోనె గోనెలా కనిపించదు. రంగులో తీసి తర్వాత మార్చండి, కానీ సూట్‌కు రంగు వేసేటప్పుడే ఫోన్ కెమెరాను మోనోలో (బ్లాక్ అండ్ వైట్‌లో) పెట్టి చూస్తూ వేయండి. ఆకుపచ్చ మీద ఎరుపు కంటికి కొట్టొచ్చినట్టు ఉంటుంది, బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ ఒకే బూడిద రంగైపోవచ్చు. లేతకూ ముదురుకూ తేడా ఉంటేనే ఆకారం తెలుస్తుంది. లైటు ఎప్పుడూ పక్కనుంచి గానీ వెనకనుంచి గానీ రావాలి. ఎదురుగా లైటు కొడితే నేను చేసిన సూటైనా తేలిపోతుంది.

యాభై వేలు సరిపోతాయి. సూట్‌కు పదిహేను వేలు దాటనివ్వకండి. మిగతాదాంట్లో పెద్ద భాగం తిండికీ, ప్రయాణాలకూ, డోలు కళాకారుడికీ, చేపలు పట్టే పెద్దాయన వేషం వేసే మంచి నటుడికీ ఉంచండి. ఆ పెద్దాయనను మన రంగస్థలం నుంచే వెతకండి, అరవై దాటినవాళ్లలో అద్భుతమైన మొహాలున్నాయి. తల మీద మొదటి పొర ఆరాక మోనోలో ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, పక్కన మీలో ఒకరు నిలబడి ఉండాలి. కళ్ల మధ్య దూరం, దవడ సైజు చూసి ఏం మార్చాలో చెబుతాను. రెండో పొర వేసేలోపే పెట్టండి, ఆ తర్వాత మార్చడం కష్టం.